రంగుపొడి, నిప్పురవ్వ, శుభ్రమైన హుక్కు

ఇంటి గేట్లు, కిటికీ గ్రిల్స్, బీరువాలు, అల్యూమినియం తలుపు ఫ్రేములు, కార్ల అల్లాయ్ వీల్స్ వంటివాటి మీద ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నది బ్రష్షుతో పూసిన పెయింటు కాదు, పౌడర్ కోటింగ్. మెత్తని రంగుపొడిని విద్యుదావేశంతో లోహానికి అంటించి, ఓవెన్‌లో కరిగించి గట్టిపరిచే పద్ధతి ఇది. 1950ల తొలినాళ్లలో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన, గాలితో పైకి లేచి కదులుతున్న పొడిలో వేడి లోహాన్ని ముంచి పూత పట్టించే విధానాన్ని కనిపెట్టాడు. గన్‌తో చల్లే విధానం 1960లలో వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లోనూ, విజయవాడ, విశాఖ ఆటోనగర్‌లలోనూ జాబ్ వర్క్ మీద కోటింగ్ చేసే చిన్న షెడ్లు ఉన్నాయి. కొన్నిచోట్ల ఒక గన్ను, లోపల పొడి చల్లే ఒక బూత్, ఒక ఓవెన్, నలుగురైదుగురు పనివాళ్లు, అంతే.

ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చింది థిన్నర్ లేకపోవడం. మామూలు స్ప్రే పెయింటులో సగానికి సగం ఆవిరై గాలిలో కలుస్తుంది, ఆ ఆవిరి మండుతుంది, పీల్చినవారికి తల తిరుగుతుంది. పౌడర్‌లో ఆ బాధ దాదాపు లేదు. కాలుష్యం పరంగా ఇది నిజమైన మేలే. కానీ థిన్నర్ లేదు కాబట్టి మంట భయం లేదన్న నమ్మకం కూడా దాని వెంటే షెడ్లలోకి వచ్చింది. అది తప్పు. ప్రమాదం తగ్గింది, రూపం మార్చుకుంది, పోలేదు.

గాలిలో లేచిన పొడి

కోటింగ్ పౌడర్ అంటే ప్రధానంగా రెజిన్, అంటే ప్లాస్టిక్ జాతి పదార్థం. ఇంటి లోపల వాడే వస్తువులకు ఎపాక్సీ, లేదా ఎపాక్సీ పాలియెస్టర్ల మిశ్రమం. ఎండకూ వానకూ నిలవాల్సిన గేట్లకు, కిటికీలకు పాలియెస్టర్. దానికి రంగు, బేరియం సల్ఫేట్ వంటి ఫిల్లరు, గట్టిపరిచే రసాయనం కలిపి, కరిగించి, చల్లార్చి, మరపట్టి నూరుతారు. రేణువు పరిమాణం ఎక్కువగా 10 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటుంది.

చెక్క దుంగ అంత తేలిగ్గా అంటుకోదు, అదే చెక్క రంపపు పొట్టయితే భగ్గుమంటుంది. రెజిన్ సంగతీ అంతే. సంచిలో ఉన్నంతసేపు బద్ధకంగా పడివుండే పౌడరు గాలిలో మేఘంలా లేచినప్పుడు ప్రతి రేణువు చుట్టూ ఆక్సిజన్ ఉంటుంది. అప్పుడు నిప్పురవ్వ తగిలితే మంట రేణువు నుంచి రేణువుకు క్షణంలో పాకుతుంది. అది నాలుగు గోడల మధ్యో, డక్టులోనో, ఫిల్టరు పెట్టెలోనో జరిగితే వేడెక్కిన వాయువులకు దారి దొరక్క పేలుడవుతుంది. పొడి పేలుడు కొత్త విషయం కాదు. 1785లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఒక పిండి గోదాములో జరిగిన పేలుడును అప్పట్లోనే వివరంగా రాసిపెట్టారు.

గాలిలో పొడి ఎంత ఉంటే పేలుతుంది? కోటింగ్ పౌడర్లలో చాలావాటికి ఘనపు మీటరు గాలికి సుమారు 30 నుంచి 90 గ్రాములు చాలు. అందుకే బూత్ లోపల సగటు సాంద్రత ఆ కనీస స్థాయిలో సగం దాటకూడదని అమెరికా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 33 చెబుతుంది. తమ పౌడర్ కనీస స్థాయి ఎంతో తెలియనివారు ఘనపు మీటరుకు 10 గ్రాములకు మించనీయకుండా చూసుకోవడం మంచిది.

ఈ హద్దులో ఉండటం కష్టమేమీ కాదు. రెండు మీటర్ల ఎత్తు, ఒకటిన్నర మీటరు వెడల్పు ముఖం ఉన్న బూత్‌ను తీసుకుందాం. ముఖం దగ్గర గాలి సెకనుకు అర మీటరు వేగంతో లోపలికి పోతుంటే నిమిషానికి 90 ఘనపు మీటర్ల గాలి కదులుతుంది. గన్ నిమిషానికి 200 గ్రాములు చల్లితే, అందులో ఒక్క గ్రాము కూడా లోహానికి అంటకుండా మొత్తం గాలిలోనే ఉందనుకున్నా, సాంద్రత ఘనపు మీటరుకు రెండు గ్రాముల పైచిలుకు. నిశ్చింతగా పని చేసుకోవచ్చు. కానీ ఫిల్టరు క్యార్ట్రిడ్జ్‌లు మూసుకుపోయి గాలి ప్రవాహం పావు వంతుకు పడిపోతే అదే సాంద్రత తొమ్మిది గ్రాములవుతుంది. రెండో గన్ కూడా నడిస్తే పద్దెనిమిది. గాలిని లాగే బ్లోయర్ పూర్తిగా ఆగిపోతే ఇక లెక్క వేయాల్సిన పని లేదు.

కాబట్టి బూత్ భద్రత అంతా బ్లోయర్ మీద ఆధారపడి ఉంటుంది. బ్లోయర్ ఆగితే గన్‌కు కరెంటు, గాలి, పౌడర్ మూడూ వాటంతటవే ఆగిపోయేలా ఇంటర్‌లాక్ ఉండాలి. కొన్ని షెడ్లలో ఈ ఇంటర్‌లాక్‌ను వైరు తగిలించి బైపాస్ చేసి ఉంచుతారు. మధ్యమధ్యలో పని ఆగుతోందన్న సాకుతో చేసే ఆ పనికి క్షమాపణ లేదు. గన్ దానంతట అదే కదిలే ఆటోమేటిక్ లైన్లలో మంటను పసిగట్టే సెన్సర్ కూడా ఉండాలి. అది అర సెకనులోపు స్పందించి అన్నీ ఆపేయాలని అదే అమెరికా ప్రమాణం చెబుతుంది.

బూత్‌లో పట్టని పెద్ద గేట్ల సంగతి వేరు. వాటిని షెడ్డు మధ్యలో దూలానికి వేలాడదీసి చల్లడం చిన్న యూనిట్లలో మామూలే. అక్కడ లాగే బ్లోయర్ ఉండదు. చల్లినదాంట్లో లోహానికి అంటనిదంతా నేల మీద, దూలాల మీద, లైట్ల మీద, స్విచ్ బోర్డులోపల పేరుకుంటుంది. అలా పేరుకున్నది ఆ రోజు ఏమీ చేయదు. నెలల తర్వాత చేస్తుంది.

అదెలాగంటే, మొదట ఎక్కడో చిన్న మంటో, చిన్న పేలుడో పుడుతుంది. దాని గాలి దెబ్బకు దూలాల మీది పొడి ఒక్కసారిగా లేస్తుంది. వెనకే వచ్చే మంట ఆ మేఘాన్ని అంటిస్తుంది. షెడ్డును కూల్చేది, మనుషుల్ని చంపేది చాలాసార్లు ఈ రెండో పేలుడే. నేల మీద ఒక మిల్లీమీటరు మందం పొర చూడటానికి ఏమీ అనిపించదు, దాని మీద కాలి గుర్తులు పడతాయి, అంతే. అయితే ఆ పొరలో చదరపు మీటరుకు సుమారు అర కిలో పౌడర్ ఉంటుంది. అది ఐదు మీటర్ల ఎత్తు వరకూ లేస్తే ఘనపు మీటరుకు 100 గ్రాములు. పేలడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, కార్బిన్ అనే ఊళ్లో 2003 ఫిబ్రవరి 20న జరిగింది ఇదే. అది పౌడర్ కోటింగ్ షెడ్డు కాదు, కార్లకు శబ్దం రాకుండా పెట్టే పలకలు తయారుచేసే ఫ్యాక్టరీ. కానీ అక్కడా రెజిన్ పొడీ, దాన్ని గట్టిపరిచే ఓవెనూ ఉన్నాయి. ఓవెన్ ఉష్ణోగ్రత అదుపు తప్పుతోందని తలుపు తెరిచి నడిపారు. పక్కన లైను శుభ్రం చేస్తుండగా లేచిన పొడి తెరిచి ఉన్న ఓవెన్ దగ్గరి మంటకు అంటుకుంది. పైన పేరుకున్న పొడితో పేలుళ్లు ఒక గది నుంచి ఇంకో గదికి పాకాయి. ఏడుగురు చనిపోయారు, 37 మంది గాయపడ్డారు. పని మధ్యలో కాదు, ఊడ్చే వేళ మొదలైన ప్రమాదం ఇది.

కాబట్టి ఎలా ఊడుస్తారన్నది పెద్ద ప్రశ్న. కంప్రెసర్ గాలితో ఊదడం సులువు, త్వరగా అయిపోతుంది; ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారేటప్పుడు చాలాచోట్ల అదే చేస్తారు. పేరుకున్న పొడిని మేఘంగా మార్చడానికి అంతకంటే మంచి ఉపాయం మరొకటి లేదు. బూత్ లోపల గోడల్ని రబ్బరు బద్దతో బ్లోయర్ వైపు తోయాలి, బ్లోయర్ నడుస్తూ ఉండాలి, గన్ హై వోల్టేజి ఆపి ఉంచాలి. బయట నేలనూ దూలాలనూ వాక్యూమ్ క్లీనర్‌తో తీయాలి. ఇళ్లలో వాడే వాక్యూమ్ పనికిరాదు. దాని మోటారులోనే నిప్పురవ్వలు పుడతాయి. మండే పొడి కోసం ప్రత్యేకంగా తయారైనదే కొనాలి.

గాలి నుంచి పొడిని వేరుచేసే సైక్లోన్, ఫిల్టరు పెట్టెలకు పేలుడు ఒత్తిడిని బయటికి వదిలే పలుచని ప్యానెళ్లు ఉండాలి. అవి మనుషులు నడిచే దారివైపు కాకుండా ఖాళీ స్థలం వైపు తెరుచుకోవాలి. మంట కనిపించినప్పుడు ఆర్పే సిలిండర్ నుంచి బలమైన ధారను నేరుగా పౌడర్ మీదికి కొట్టకూడదు, ఆ దెబ్బకే పొడి లేస్తుంది. కరెంటు ఆపాక సన్నని తుంపరగా నీళ్లు చల్లడం మేలు.

ఎర్తింగ్

పొడికి నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది? బీడీ, వెల్డింగ్, గ్రైండింగ్ రవ్వలు అందరికీ తెలిసినవే. కనిపించని రవ్వ ఒకటుంది. అది ఈ పద్ధతిలోనే దాగి ఉంది.

గన్ చివర ఉండే సూది మీద 60 నుంచి 100 కిలోవోల్టుల వరకూ ఉంటుంది. కరెంటు మాత్రం మైక్రో ఆంపియర్లలోనే. అందుకే గన్ నేరుగా మనిషిని చంపదు. షాక్‌కు ఉలిక్కిపడి స్టూలు మీంచి పడటం వంటివి మాత్రం జరుగుతాయి. పౌడర్ రేణువులు ఆ ఆవేశాన్ని మోసుకుంటూ వెళ్లి గేటుకు అంటుకుంటాయి. గేటు నుంచి హుక్కు ద్వారా, హుక్కు నుంచి వేలాడదీసిన రాడ్డు ద్వారా ఆ ఆవేశం భూమిలోకి పోవాలి. పోకపోతే గేటు మీదే నిల్వ ఉంటుంది. మధ్యస్థ పరిమాణం ఉన్న ఒక లోహపు వస్తువు, లేదా భూమితో సంబంధం లేని మనిషి శరీరం, పది కిలోవోల్టుల దగ్గర దాదాపు పది మిల్లీజౌల్స్ శక్తిని దాచుకోగలదు. వోల్టేజి రెండింతలైతే శక్తి నాలుగింతలు. సన్నని పౌడర్ మేఘాన్ని అంటించడానికి కొన్ని మిల్లీజౌల్స్ చాలు. పక్కనున్న ఇనుప స్తంభానికి గేటు దగ్గరగా రాగానే టప్‌మని ఒక రవ్వ ఎగురుతుంది.

భూమికి దారి తెగేది ఎక్కువగా హుక్కు దగ్గరే. వస్తువుతో పాటు హుక్కు కూడా ప్రతిసారీ ఓవెన్‌లోకి వెళుతుంది, దాని మీదా 60, 80 మైక్రాన్ల పూత పడుతుంది. నాలుగైదుసార్లయ్యాక అది ప్లాస్టిక్ తొడుగు వేసిన వైరుతో సమానం. గేటు ఇనుముకీ హుక్కు ఇనుముకీ మధ్య ఆ తొడుగు అడ్డు పడుతుంది. ఎర్త్ పిట్ ఎంత బాగా తవ్వించినా, ఎంత మందమైన రాగి పట్టీ వేయించినా ఆ ఒక్కచోట దారి తెగితే ఫలితం సున్నా. వస్తువు నుంచి భూమికి నిరోధం ఒక మెగాఓమ్ దాటకూడదు. నిరోధం కొలిచే మెగ్గర్‌తో చూస్తే నిమిషంలో తెలిసిపోయే విషయం ఇది. ఆ నిమిషం కేటాయించే షెడ్లు తక్కువ.

విచిత్రం ఏమిటంటే ఈ జాగ్రత్త పాటించినందుకు నష్టపోయేది ఏమీ లేదు. ఎర్త్ సరిగా లేని గేటుకు పౌడర్ సరిగా పట్టదు, మూలల్లో అసలు చేరదు, మళ్లీ మళ్లీ చల్లాలి, పౌడర్ వృథా అవుతుంది, పూత నారింజ తొక్కలా వస్తుంది. శుభ్రమైన హుక్కు ప్రమాదాన్నీ ఆపుతుంది, పౌడర్ ఖర్చునూ తగ్గిస్తుంది. భద్రతకు డబ్బు ఖర్చవుతుందని వాదించే యజమాని కూడా ఈ ఒక్క విషయంలో వాదించలేడు.

గన్ పట్టుకునే మనిషికీ ఎర్త్ కావాలి. గన్ పిడి లోహపుది, దానికి ఎర్త్ ఉంటుంది. అరచేయి దానికి నేరుగా తగలాలి. మందపాటి రబ్బరు గ్లౌజులు వేసుకుంటే ఆ సంబంధం తెగుతుంది. అందుకే అరచేతి భాగం కత్తిరించిన గ్లౌజులో, యాంటీ స్టాటిక్ గ్లౌజులో వాడాలి. హవాయి చెప్పులు ఇంకా పెద్ద సమస్య. రబ్బరు అడుగు మనిషిని భూమి నుంచి విడదీస్తుంది. యాంటీ స్టాటిక్ బూట్లు తప్పనిసరి. నేల మీద పౌడర్ పేరుకుపోతే ఆ బూట్లు కూడా పనిచేయవు. జేబులో తాళాలు, ఫోను ఉండకూడదు. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు గన్ జోలికి వెళ్లకూడదు.

ఊపిరితిత్తులు, చర్మం

పేలుడు అరుదు. పీల్చడం రోజూ జరిగేది. ఏ పౌడర్ అయినా కళ్లను, ముక్కును, గొంతును మండిస్తుంది. చర్మం మీద పడి చెమటతో కలిస్తే దురద, దద్దుర్లు వస్తాయి. మే నెలలో రేకుల షెడ్డు కింద, ఓవెన్ పక్కన, చొక్కా విప్పి పనిచేసేవారికి ఇది ఎంత బాధో చెప్పనక్కర్లేదు.

వీటన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సినది టీజీఐసీ. పూర్తి పేరు ట్రైగ్లైసిడిల్ ఐసోసయనురేట్. బయట వాడే పాలియెస్టర్ పౌడర్లను గట్టిపరచడానికి కలిపే రసాయనం, పౌడర్‌లో కొద్ది శాతమే ఉంటుంది. అయితే ఇది జన్యుపదార్థాన్ని దెబ్బతీయగలదని ఐరోపా సమాఖ్య వర్గీకరించింది, 2012లో అత్యంత ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. చర్మానికి అలర్జీ తెస్తుంది, ఉబ్బసానికి కూడా కారణమవుతుంది. ఒకసారి శరీరం దీనికి అలర్జీ పెంచుకుందంటే ఆ తర్వాత రవ్వంత తగిలినా బాధ మొదలవుతుంది, ఆ మనిషి ఆ పని మానుకోక తప్పదు. ఆస్ట్రేలియా ఎనిమిది గంటల షిఫ్టు సగటున ఘనపు మీటరు గాలిలో 0.08 మిల్లీగ్రాములకు మించకూడదని హద్దు పెట్టింది. ఓవెన్‌లో గట్టిపడ్డాక ఈ రసాయనం పూతలో బంధించబడుతుంది కాబట్టి గేటు వేయించుకున్న ఇంటివారికి భయం లేదు. భయమంతా చల్లేవారికి, హాపర్ నింపేవారికి, ఫిల్టర్లు మార్చేవారికి.

టీజీఐసీ లేకుండా హైడ్రాక్సీఆల్కిలమైడ్‌తో గట్టిపడే పాలియెస్టర్ పౌడర్లు చాలాకాలంగా ఉన్నాయి. ఐరోపాలో ఎక్కువగా వాడేవి అవే. మందపాటి పూతలో చిన్న రంధ్రాలు పడే ఇబ్బంది వాటితో కొంత ఉంది గానీ, పని తెలిసిన చేతికి అది పెద్ద అడ్డంకి కాదు. మాస్కులు, గ్లౌజుల గురించి ఆలోచించే ముందు చేయాల్సిన మార్పు ఇదే.

మాస్కు విషయానికొస్తే, ముక్కుకు కట్టుకున్న దస్తీ పెద్ద రేణువుల్ని మాత్రమే ఆపుతుంది, ఊపిరితిత్తుల లోతుకు పోయే సన్న రేణువుల్ని ఆపదు. కనీసం ఎన్95 రకం ఉండాలి. గడ్డం పెంచుకున్నవారి ముఖానికి అది బిగుతుగా కూర్చోదు. బూత్ లోపలికి దిగి శుభ్రం చేసేవారికి పైపుతో గాలి అందే హుడ్ మేలు. వంటి మీది పొడిని కంప్రెసర్ గాలితో దులుపుకోవడం ఎన్నో షెడ్లలో సాయంత్రపు అలవాటు. దానివల్ల పొడి కళ్లలోకి, ముక్కులోకి పోతుంది, చర్మంలోకి కూడా దూరుతుంది. చల్లనీళ్లు, సబ్బు చాలు. పని బట్టలు ఇంటికి తీసుకెళ్లకూడదు.

పూతకు ముందు, పూత తర్వాత

పౌడర్ చల్లేలోపే లోహం చాలా రసాయనాల్లో మునిగి లేస్తుంది. జిడ్డు వదిలించే క్షారం, తుప్పు తీసే ఆమ్లం, ఫాస్ఫేట్ ద్రావణం, మధ్యలో మంచినీళ్లు. వరుసగా ఏడు ట్యాంకులుండే పద్ధతి మన దేశంలో ఎక్కువ. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలే గానీ నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. ఇనుము ఆమ్లంలో ఉన్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ట్యాంకుల దగ్గర నిప్పు పనికిరాదు. అల్యూమినియానికి వాడే క్రోమేట్‌లోని ఆరు వేలెన్సీల క్రోమియం క్యాన్సర్ కారకమని తేలింది, చర్మం మీద మానని పుండ్లు, ముక్కు దూలానికి రంధ్రం దానివల్లే వస్తాయి. జిర్కోనియం ఆధారిత ద్రావణాలు దాని బదులు దొరుకుతున్నాయి. ఫాస్ఫేట్ ట్యాంకు అడుగున పేరుకునే బురద 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దాన్ని మురుగుకాల్వలో పోయకుండా దుండిగల్, పరవాడలలోని వ్యర్థాల శుద్ధి కేంద్రాల వంటిచోట్లకు పంపాలి. తుప్పు తీయడానికి ఇసుకను వేగంగా కొట్టే పద్ధతి సిలికోసిస్‌కు రాచబాట. స్టీల్ గ్రిట్ వాడాలి.

ఓవెన్‌లో లోహం 160 నుంచి 200 డిగ్రీల దాకా వేడెక్కి పది, ఇరవై నిమిషాలు అలాగే ఉండాలి. గ్యాసుతో నడిచే ఓవెన్‌లో బర్నర్ వెలిగించే ముందు లోపలి గాలిని కనీసం నాలుగుసార్లు పూర్తిగా మార్చాలి. ఎక్కడైనా లీకై నిలిచిన గ్యాసు ఉంటే అలా బయటికి పోతుంది. ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి గుంటల్లో చేరుతుంది. మనిషి నడిచి వెళ్లేంత పెద్ద ఓవెన్ తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలి.

హుక్కుల మీది పూత తీయడం మళ్లీ ఒక ప్రమాదకరమైన పని. చాలామంది బహిరంగంగా మంట పెట్టి కాలుస్తారు, ఆ పొగ విషం. ఇంకొందరు డైక్లోరోమీథేన్ ఉన్న పెయింట్ రిమూవర్‌లో నానబెడతారు. దాని ఆవిరి గాలికంటే బరువు, ట్యాంకు అంచున నిలిచిపోతుంది. పీల్చితే శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదుల్లో దానితో పనిచేసి చనిపోయినవారున్నారు. స్టీల్ గ్రిట్‌తో కొట్టించడం, లేదా పొగను మళ్లీ కాల్చే ఏర్పాటున్న బర్న్ ఆఫ్ ఓవెన్‌కు పంపడం ఖరీదే అయినా సరైన మార్గం.

చట్టం ఎంతవరకు

పేలే స్వభావమున్న పొడి పుట్టే చోట యంత్రాన్ని మూసి ఉంచాలని, పొడి పేరుకోకుండా చూడాలని, నిప్పుకు ఆస్కారమున్నవన్నీ దూరంగా పెట్టాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టం స్థానంలోకి వచ్చింది. కానీ ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి, కరెంటు వాడే చోట, పాత చట్టంలో పదిమంది పనివాళ్లు కావాలి. కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. నలుగురైదుగురు పనిచేసే కోటింగ్ షెడ్డు రెండు లెక్కల్లోనూ ఫ్యాక్టరీ కాదు. అక్కడికి ఇన్‌స్పెక్టర్ రాడు. అక్కడి భద్రత యజమాని చేతిలో ఉంటుంది.

ఆ యజమాని పౌడర్ కొనేటప్పుడే సరఫరాదారును సేఫ్టీ డేటా షీట్ అడగాలి. టీజీఐసీ ఉందా లేదా, గాలిలో ఎంత సాంద్రత దగ్గర పేలుతుంది, మంటను దేనితో ఆర్పాలి అన్నవి అందులో ఉంటాయి. అందులోని విషయాన్ని గన్ పట్టుకునే మనిషికి అతని భాషలో చెప్పాలి. ఆ మనిషి ఒడిశా నుంచో, బిహార్ నుంచో వచ్చినవాడైతే తెలుగులో గోడకు అంటించిన హెచ్చరిక అతనికి పనికిరాదు. అడిగినా ఆ షీటు ఇవ్వని సరఫరాదారు దగ్గర పౌడర్ కొనకూడదు.